శశిరేఖ గారి సైటేషన్ల విచారణ

మా మస్తిష్క పరిశోధనాలయంలో ఉన్న మెదళ్లు నాలుగు వందల ముప్ఫై రెండు. ఇవి సీసాల్లో ఉన్నవి మాత్రమే. ఉద్యోగుల లెక్క వేరే రిజిస్టర్లో ఉంటుంది. ఆ రెండు రిజిస్టర్లూ నా దగ్గరే ఉంటాయి. నా పేరు పొట్నూరు సన్యాసిరావు, ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్లో సీనియర్ అసిస్టెంట్‌ని. ఇరవై ఆరేళ్లుగా ఈ సంస్థలో ఏ కాగితం పుట్టినా నా బల్ల మీద పుట్టాల్సిందే. ఈ ముక్క ముందే ఎందుకు చెబుతున్నానంటే, జరిగినదానికి బాధ్యుడెవడయ్యా అని తర్వాత మీరు నన్ను నిలదియ్యకుండా ఉండాలని.

అక్టోబరులో మా డైరెక్టరు డాక్టర్ భాగవతుల విశ్వంభరం గారు ఏదో విదేశీ సదస్సుకు వెళ్లి జలుబుతోనూ, సైటేషన్ల పిచ్చితోనూ తిరిగొచ్చారు. జలుబు వారం రోజుల్లో తగ్గింది.

సైటేషన్ అంటే పెద్ద విషయమేం కాదు. ఒక శాస్త్రవేత్త ఓ వ్యాసం రాస్తే, ఇంకో శాస్త్రవేత్త తన వ్యాసంలో 'ఫలానావారు ఫలానా ఏడాదిలో ఇలా అన్నారు' అని ఆయన పేరు తలుచుకుంటాడు. శుభలేఖ మీద 'తాతగారి ఆశీస్సులతో' అని వేయిస్తామే, అలాంటిదన్నమాట. తాతగారు నిజంగా ఆశీర్వదించారా, అలిగి కూర్చున్నారా అని ఎవరూ ఆరా తియ్యరు. ఎన్నిసార్లు పేరు పడితే అంత గొప్ప శాస్త్రవేత్త.

మా డైరెక్టరు గారి పేరు మీద నాలుగు వందల పన్నెండు వ్యాసాలున్నాయి. సంస్థలో ఎవరు ఏం రాసినా చివర ఆయన పేరు చేర్చి సంతకానికి పంపాలి. ఆయన పెడతారు. చదవరు. చదవడం మొదలుపెడితే నాలుగు వందల పన్నెండు ఎలా అవుతాయి చెప్పండి! ఒకసారి 'నత్తల్లో నిరాశ' అనే వ్యాసం మీద ఎవరో సభలో ప్రశ్న అడిగితే, "నత్తకి మెదడు ఉంటుందా?" అని ఆయనే ఎదురు అడిగారు. ఆ వ్యాసం ఆయన రాసిందే.

విదేశం నుంచి రాగానే గేటు దగ్గర పెద్ద ఎలక్ట్రానిక్ బోర్డు పెట్టించారు. అందులో ఒక్కో శాస్త్రవేత్త పేరు, పక్కన ఎర్రంకెల్లో సైటేషన్ల సంఖ్య. ఆ మర్నాడు సర్క్యులరు వచ్చింది. టైపు చేసింది నేనే. "విశ్వస్థాయి మేధోత్పాదకతను పరిమాణాత్మకముగా మదింపు చేయు నిమిత్తం, మార్చి ముప్ఫై ఒకటి నాటికి మూడు వందల సైటేషన్లు సాధించని శాస్త్రవేత్తలు తమకు కేటాయించిన గదులను సంస్థకు స్వాధీనపరచవలెను."

టైపు చేస్తూ చేస్తూ నా వేళ్లు ఆగిపోయాయి. నూట పద్నాలుగో నంబరు గది డాక్టర్ కుప్పిలి శశిరేఖ గారిది. ఆవిడకున్నవి పంతొమ్మిది. అందులో ఆరు ఆవిడ తనకు తానే వేసుకున్నవి. ఒకటి బ్రెజిల్ ఆయన ఎవరో 'శశిరేఖ చెప్పింది తప్పు' అని రాసింది. ఆవిడ దానికి నొచ్చుకోకపోగా, "ఆయనన్నది నిజమేనండీ, నేనే సరిగ్గా చూడలేదు," అని ఆనందంగా ఆ బ్రెజిల్ ఆయనకి థాంక్స్ చెబుతూ ఉత్తరం రాశారు. పద్నాలుగేళ్లలో తొమ్మిది వ్యాసాలు. ఇలాంటి మనిషి బాగుపడే రకమేనా?

ఆవిడ బాగుపడకపోతే నాకేంటని మీరనొచ్చు. నాకు చాలా ఉంది. మా బావ గొర్లె అప్పలసూరి ముప్ఫై ఒక్క ఏళ్లు ఆర్టీసీ కండక్టరు. అప్పటికి రెండేళ్ల కిందట పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. ఒక్కటే మిగిలింది: "ముందుకు జరగండి." మంచినీళ్లు కావాలన్నా అదే, కాలు నొప్పెడుతోందన్నా అదే. మా పైడమ్మక్క మొదట్లో నవ్వింది, తర్వాత ఏడ్చింది, ఆ తర్వాత అన్నం కంచం పట్టుకుని నిజంగానే ముందుకు జరగడం మొదలుపెట్టింది.

శశిరేఖ గారి పరిశోధన సరిగ్గా దాని గురించే. మాట పోయినవాళ్లలో ఏళ్లతరబడి అలవాటైన మాటలు ఎక్కడో ఓ మూల మిగిలి ఉంటాయట. వాటిని పట్టుకుని లాగితే మిగతావి ఒక్కొక్కటే వస్తాయట. ప్రతి మంగళవారం ఎనిమిది మంది వస్తారు. మా బావని కూర్చోబెట్టి, ఆవిడ కూనిరాగం తీస్తూ "మద్దిలపాలెం, ఇసుకతోట, వెంకోజీపాలెం..." అని స్టాపులు మొదలుపెడతారు. "హనుమంతవాక" అనేవాడు బావ, తనకు తెలియకుండానే. "అక్కడ దిగి ఏం తాగుతారు?" అని మధ్యలో ఆవిడ ఓ ప్రశ్న దూరుస్తారు. నాలుగు నెలలకి ఒకరోజు "టీ" అన్నాడు. ఆ వేళ మా అక్క ఆఫీసంతటికీ టీ పోయించింది. డైరెక్టరు గారూ తాగారు, ఎందుకో అడగలేదు.

ఆ గది పోతే మా బావ హనుమంతవాకలో టీ తాగుతూ అక్కడే ఉండిపోతాడు. ఇదండీ నా బాధ.

డిసెంబరులో డైరెక్టరు గారి అంకె ఉన్నచోటనే నిలిచిపోయింది. ఆయన నిద్రాహారాలు మానేశారు. ఆ ఆకలి మీదే రెండో సర్క్యులరు పుట్టింది. ఇకమీదట సంస్థలో పుట్టే ప్రతి కాగితమూ, అది సెలవు చీటీ కానివ్వండి, కాంటీను టోకెను కానివ్వండి, ఒక 'మేధో ప్రచురణ'గా పరిగణించబడును. ప్రతి ప్రచురణలోనూ కనీసం అయిదు సైటేషన్లు, సందర్భోచితంగా, సంస్థ శాస్త్రవేత్తలవే ఉండవలెను. కంప్యూటరు అన్నిటినీ స్కాన్ చేసి లెక్కవేయును.

మొదటి మేధో ప్రచురణ గేటు దగ్గర వాచ్‌మన్‌ది. "అయ్యా, నాకు నిన్న రాత్రి నుండి విరేచనములు (విశ్వంభరం, 2011; విశ్వంభరం, 2014). కడుపులో విపరీతమైన నొప్పి (విశ్వంభరం, 2009). కావున రెండు రోజులు సెలవు (విశ్వంభరం, 2016, 2017) ఇప్పించగలరు."

ఈ దెబ్బతో వాచ్‌మన్ ఉద్యోగం ఊడిందనే అనుకున్నాను. డైరెక్టరు గారు చీటీ చూసి గబగబా కిటికీ దగ్గరికెళ్లి బోర్డు వైపు చూశారు. అయిదు పెరిగాయి. "వీడికి శాస్త్రీయ దృక్పథం ఉందయ్యా! మూడు రోజులు ఇవ్వు," అన్నారు.

ఇంకేముంది, అందరికీ దృక్పథం వచ్చేసింది. కాంటీన్ మెనూలో ఉప్మా పక్కన ముగ్గురు శాస్త్రవేత్తల పేర్లు, అందులో జీడిపప్పు ఎక్కడుందో ఎవరూ నిరూపించలేదు కాబట్టి 'ఇంకా పరిశోధన అవసరం' అన్న వాక్యమూ. ఎలుకల విభాగంలో ఒకాయన తన కూతురి శుభలేఖలో వరుడి పేరు పక్కనే పదకొండు సైటేషన్లు వేయించారు. పెళ్లివాళ్లు అవి వరుడి చదువులనుకుని మురిసిపోయారు. ఆ పెళ్లి పందిట్లోనే అసలు విద్య పుట్టింది. భోజనాల పక్కన ఓ బల్ల, బల్ల మీద నోటుబుక్కు, ఓ మైకు.

"చేపల జ్ఞాపకశక్తి విభాగం నుంచి డాక్టర్ జోగారావు గారు... వధువు తండ్రిగారికి... ఏడు సైటేషన్లు చదివించారు!"

ఆ ఏడూ ఎనిమిదిగా తిరిగి రావాలి. తక్కువ చదివిస్తే మర్యాద ఏముంటుంది? ఏడు చదివించినవాడికి ఆరు తిరిగిచ్చాడని ఇద్దరు ప్రొఫెసర్ల మధ్య మాటలు పోయాయి. వాళ్లని కూడా శశిరేఖ గారి గదికి పంపుదామా అనిపించింది నాకు.

ఫిబ్రవరి వచ్చింది. బోర్డు మీద చివరి వరసలో ఆవిడ పేరు, పక్కన పంతొమ్మిది. నేను ఉండబట్టలేక వెళ్లాను.

"అమ్మా, మీరూ ఎవరికైనా చదివించండి. మీకూ చదివిస్తారు. మూడు వందలు ఎంతసేపు?"

ఆవిడ చేపల వేలంపాట నూకరాజు ముందు కూర్చుని ఉన్నారు. పాపం అతనికి "ఒకటోసారి, రెండోసారి" అన్నవే మిగిలాయి. ఆవిడ నా వైపు తిరిగి నవ్వారు.

"నేను రాసింది చదవనివాళ్లు నా పేరు రాస్తే ఏం లాభం సన్యాసిరావు గారూ?"

"లాభం చదువులో లేదండీ, గదిలో ఉంది," అన్నాను. కోపం వచ్చింది నాకు. అంత తెలివైన మనిషికి ఇంత చిన్న విషయం తెలియకపోతే ఎలా?

ఆ సాయంత్రం మా అక్క ఇంటికొచ్చి మరీ నన్ను కడిగేసింది. "ఇరవయ్యారేళ్లు ఆ ఆపీసులో ఏటి సేసినావురా? కాగితాలు నమిలినావా? ఆ మేడమ్మ గది తీసీస్తే మీ బావ బతుకేటవుద్ది? సెప్పు!"

ఏం చేస్తాను? నాకు చేతనయిందే చేశాను. సంస్థలో సెలవు చీటీకి ఒక నమూనా ఉంది, ఫారం ఏడు. గేటు పాసుకి ఫారం తొమ్మిది. పెన్నూ పెన్సిలూ కావాలంటే ఫారం పదకొండు. అన్నీ నా బల్ల మీదివే. మర్నాడు పొద్దున్నే ఆ మూడు ఫారాల అడుగునా, చిన్న అక్షరాల్లో, శశిరేఖ గారి తొమ్మిది వ్యాసాల పేర్లూ అచ్చువేయించాను. ఫారం అడుగున ఏముందో చదివేవాడు ఈ దేశంలో ఇంకా పుట్టలేదు. సందర్భోచితమా అంటే, 'మాట పోయినవారిలో మిగులు మాటలు' అన్నది సెలవడిగే గుమస్తాకి సందర్భోచితం కాక మరేమిటి!

ఆరు వందల నలభై మంది ఉద్యోగులు. శుక్రవారానికి ఆవిడ మూడు వందలు దాటారు. ఆ పై శుక్రవారానికి నాలుగు వేలు. మార్చి రెండో సోమవారం డైరెక్టరు గారి కారు గేటు దగ్గర ఆగింది, మళ్లీ కదల్లేదు. బోర్డు మీద మొదటి పేరు: కుప్పిలి శశిరేఖ, 11,206. రెండో పేరు చూడటానికి ఆయనకి ధైర్యం చాల్లేదు.

నన్ను పిలిచారు. "ఇది మేధో విస్ఫోటనమా, మేధో విద్రోహమా? వెంటనే ఆవిడకు ఛార్జిమెమో తయారుచెయ్యి!"

చేశాను. ముప్ఫై రెండు పేరాలు. మెమో కూడా మేధో ప్రచురణే కదా, పేరాకి అయిదు చొప్పున సైటేషన్లు వెయ్యాలి, అవి సందర్భోచితంగా ఉండాలి. సందర్భం ఆవిడే. మెమో స్కాన్ అవుతుండగానే బోర్డు మీద నూట అరవై పెరిగాయి.

"ఆపవయ్యా!" అని అరిచారు డైరెక్టరు గారు.

"ఆపమని ఆర్డరు వెయ్యాలండి."

"వెయ్యి!"

"ఆర్డర్లో కనీసం అయిదు ఉండాలండి. తమరి సర్క్యులరే."

"అయితే ఆ సర్క్యులరు రద్దుచెయ్యి!"

"రద్దు చేస్తూ ఇంకో సర్క్యులరు రావాలండి. పైగా రద్దయితే తమరి రెండు వేల ఎనిమిది వందలూ..."

ఆయన కూర్చున్నారు. మంచినీళ్లు తాగారు. ఆయన అంకెలో మూడొంతులు ఉప్మాలోంచీ విరేచనాల్లోంచీ వచ్చినవేనని ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు.

చివరికి బయటి మనిషి చేత విచారణ జరిపించాలని తేలింది. ఆర్డరు ఆయనే స్వయంగా చెప్పారు, నేను రాసుకున్నాను. "సదరు శాస్త్రవేత్త వలన లాభము పొందితిమని చెప్పుకొను రోగులను సాక్షులుగా పిలిపించవలెను. వారిలో ఏ ఒక్కరు తమ సొంత మాటలలో ఒక పూర్తి వాంగ్మూలము ఇచ్చినను, విచారణ అంతటితో ముగిసినట్లు భావించి, నూట పద్నాలుగో నంబరు గదిని సైటేషన్ల పర్యవేక్షణ కేంద్రమునకు అప్పగించవలెను."

విన్నారా? మాట పోయినవాడు మాట్లాడాలి. మాట్లాడగానే గది పోవాలి. ఆయన కావాలని అలా చెప్పారనుకోను. ఆయనకి ఆ గదిలో ఏం జరుగుతుందో తెలిస్తే కదా.

నేను ఫెయిర్ కాపీ తీసేటప్పుడు పద్నాలుగో క్లాజు ఒకటి చేర్చాను. "విచారణ ముగియువరకు సదరు గది, అందలి సామగ్రి, అందు మామూలుగా హాజరగు వ్యక్తులు, వారు మామూలుగా చేయు పనులు యథాతథముగా కొనసాగవలెను." నాలుగు వందల పన్నెండు వ్యాసాలకు పెట్టినట్టే దీనికీ సంతకం పెట్టారు. పెన్ను పైనుంచి కిందికి రావడానికి పట్టినంత సేపే చూశారు.

విచారణాధికారి నేమాని సోమశేఖరం గారు, రిటైరైన జిల్లా జడ్జి. కోర్టులోనే కాదు, కాఫీలో పంచదార చాలకపోయినా తీర్పు చదివినట్టే మాట్లాడే మనిషి. నన్ను ఆయనకి స్టెనోగా వేశారు. మంగళవారాలు, పది గంటలకి, నూట పద్నాలుగో గదిలో.

మొదటి సాక్షి మా బావ.

"సాక్షీ! నిజము తప్ప అన్యము పలుకనని ప్రమాణము చేయుము."

బావ ఆయన కేసి చూశాడు. "ముందుకు జరగండి," అన్నాడు.

జడ్జిగారు కుర్చీ ముందుకు జరుపుకున్నారు. "రాసుకో. సాక్షి కోరికపై న్యాయాసనము ముందుకు జరిగినది. ఇప్పుడు చెప్పుము."

"ముందుకు జరగండి."

మూడోసారికి జడ్జిగారి మోకాళ్లు బావ మోకాళ్లకి తగిలాయి. అప్పుడు శశిరేఖ గారు లేచారు. "సార్, నిందితురాలికి సాక్షిని ప్రశ్నించే హక్కు ఉందా?"

"నిస్సంశయముగా కలదు."

ఇక ఆవిడ కూనిరాగం ఎత్తుకున్నారు. మద్దిలపాలెం, ఇసుకతోట, వెంకోజీపాలెం. బావ అందుకున్నాడు. హనుమంతవాక. టీ. ఎండాడ. ఎండాడలో ఏం కొంటారు? బావ పెదాలు కదిలాయి, మెడనరాలు ఉబ్బాయి, చెమట పట్టింది. "ము... మునక్కాయలు," అన్నాడు. మునక్కాయలన్నది కొత్త మాట. జడ్జిగారు నోరు తెరుచుకుని చూస్తున్నారు. "ఎండాడలో మునగకాయలు బాగుంటాయా?" అని నన్నడిగి, వెంటనే సర్దుకుని, "ఈ ప్రశ్న రికార్డులో వద్దు," అన్నారు.

ఆ తర్వాత ప్రతి మంగళవారమూ విచారణే. ముద్దాయి సాక్షులకి మాటలు నేర్పుతుంటే జడ్జి చూస్తుంటాడు, నేను రాస్తుంటాను. రిటైరైన టీచరమ్మ చుక్కమ్మ గారికి మిగిలిన మాట "నిశ్శబ్దం" ఒక్కటే. ఆవిడ అనగానే జడ్జిగారు కూడా చేతులు కట్టుకునేవారు. "సాక్షి అసంపూర్ణముగా పలికినందున వాయిదా," అని రోజూ చివర రాసుకునేవాళ్లం. ఆ చివరి వాక్యానికి అయిదు సైటేషన్లు. జూన్‌కి శశిరేఖ గారి అంకె నలభై వేలు దాటింది. ఏదో ప్రపంచ జాబితాలో మా సంస్థకి ర్యాంకు వచ్చిందని డైరెక్టరు గారు పెద్ద దండ వేయించుకుని ఫొటో దిగారు. దండలోంచి తల బయటపెట్టి, "ఆ విచారణ ఇంకా తెమల్లేదా? ఒక్క వాక్యం! ఒక్క వాక్యం చెప్పే మొనగాడే లేడా?" అని నా మీద ఎగిరిపడ్డారు.

ఒకరోజు జడ్జిగారు అరగంట ముందే వచ్చి కూర్చున్నారు. చేతిలో శశిరేఖ గారి వ్యాసాలు, తొమ్మిదీ, మధ్య మధ్య పెన్సిల్ గీతలతో. "విచారణ నిమిత్తము చదివితిని," అన్నారు బిగుసుకుపోయి. ఆ పైన కాస్త గొంతు తగ్గించి, "అమ్మా, నాలుగో వ్యాసం మీద ఆ బ్రెజిల్ ఆయన అభ్యంతరం ఉంది చూడండి... అది నాకు సబబుగానే తోచింది," అన్నారు. శశిరేఖ గారి మొహం చూడాలి అప్పుడు! నలభై వేల సైటేషన్లు వస్తే నవ్వని మనిషి, చిన్నపిల్లలా నవ్వారు. ఆ రోజు సాక్షుల్ని పిలవడం ఇద్దరూ మరిచిపోయారు.

ఆగస్టు రెండో మంగళవారం. అక్క బావకి ఇస్త్రీ చొక్కా వేసి తీసుకొచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు. బల్ల పట్టుకుని నిలబడ్డాడు. ఎవరూ స్టాపుల పేర్లు చెప్పలేదు, ఎవరూ రాగం తియ్యలేదు.

"అయ్యా," అన్నాడు. ఆగాడు. ఊపిరి తీసుకున్నాడు. "నా పేరు... గొర్లె అప్పలసూరి. నాకు... మాట పడిపోనాది. ఈ మేడమ్మ... నాకు మాటలు నేర్పినాది. ఆవిడ... ఏ తప్పూ... సెయ్యలేదు."

మా అక్క కొంగు నోట్లో కుక్కుకుని గోడకి ఆనుకుంది. నూకరాజు చప్పట్లు కొట్టాడు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి, ఆ మరుక్షణమే ఆర్డరు గుర్తొచ్చింది. పూర్తి వాంగ్మూలం. సొంత మాటల్లో. ఇంకా ఏడుగురున్నారు వెనక బెంచీ మీద. గది అయిపోయింది.

సాక్షి మాట్లాడితే గది పోతుందన్న షరతు సంగతి శశిరేఖ గారికి తెలుసు. ఆ ఆర్డరు మొదట చదివింది ఆవిడే. అయినా ఆవిడ మొహం వెలిగిపోతోంది. "రాసుకోండి సార్," అన్నారు. "ఒక వాక్యం కాదు, నాలుగు! ఒక్క తప్పు లేకుండా నాలుగు!"

జడ్జిగారు ఆర్డరు తీసి ఆ పేరా ఒకసారి చదివారు. కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. వెనక బెంచీ మీద ఏడుగురినీ ఒక్కొక్కరినే చూశారు. ముప్ఫై ఏళ్లు తీర్పులు చెప్పిన మనిషి. నేను కాగితం మీద పెన్ను పెట్టి ఆయన కేసి చూస్తున్నాను.

"సన్యాసిరావూ, నీ పెన్నులో ఇంకు ఉందా?"

నేను పెన్ను వైపు చూశాను. ఆ పొద్దున్నే ఫారం పదకొండు పెట్టి తెచ్చుకున్న కొత్త పెన్ను.

"లేదండి."

"నా దానిలోనూ లేదు." ఆయన తన పెన్నుకి మూత బిగించి జేబులో పెట్టుకున్నారు. "సిరా లేని కారణమున సాక్షి వాంగ్మూలము నమోదు కాలేదు. వచ్చే మంగళవారమునకు వాయిదా."

బావకి అర్థం కాలేదు. రెండున్నరేళ్లు లోపల పేర్చుకుని పేర్చుకుని తెచ్చిన మాటలు. ఆయన్నీ నన్నూ మార్చి మార్చి చూశాడు. మొహం ఎర్రగా అయిపోయింది. రెండున్నరేళ్లలో మొదటిసారి నన్ను పేరు పెట్టి పిలిచాడు.

"ఒరే సన్యాసీ! ఇంకు... సూసుకోకుండా... ఆపీసుకి వొచ్చీసినావేట్రా... ఎదవా!"

ఒక్క ముక్క తడబడలేదు. మా అక్క నవ్వుతూ ఏడుస్తోంది. శశిరేఖ గారు చేత్తో నోరు మూసుకున్నారు. జడ్జిగారు నా వైపు కళ్లెగరేశారు.

ఆ మాట కూడా నేను రాసుకోలేదు. ఇంకు లేదు కదా.